గిడ్డంగి నిర్మాణంలో కాలం: ముందే సిద్ధం చేసిన లోహకట్టడాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఫ్యాక్టరీలో భాగాలుగా తయారై, నిర్మాణస్థలంలో బోల్టులతో కూర్చబడే ఉక్కు గిడ్డంగులు సంప్రదాయ కట్టడాల కన్నా వేగంగా పూర్తవుతాయన్నది నేడు అందరికీ తెలిసిన విషయం. అయితే ఈ వేగం ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఏ రోజు నుంచి లెక్కించాలి, దానికి హద్దులేమిటి అన్న ప్రశ్నలను చారిత్రకంగా పరిశీలించినవారు తక్కువ. 1829లో లండన్ రేవులో పుట్టిన ముడతల రేకు మొదలు 1851 నాటి క్రిస్టల్ ప్యాలెస్, రెండు ప్రపంచయుద్ధాల కాలపు గుడిసెలు, నేటి ఉక్కు గిడ్డంగుల వరకు సాగిన పరిణామాన్ని ఈ వ్యాసం అనుసరిస్తుంది. వేగం లోహానికి సహజంగా ఉన్న గుణం కాదనీ, పనుల వరుసను మార్చడం వల్ల లభించిన ఫలితమనీ నిరూపించడం దీని ప్రధానోద్దేశం. ఆ చరిత్ర వెలుగులో తెలుగు ప్రాంతాల ధాన్యనిల్వ సమస్యను కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: గిడ్డంగి, ముడతల రేకు, క్రిస్టల్ ప్యాలెస్, ఉక్కు చట్రం, నిర్మాణకాలం, ధాన్యనిల్వ.

1. ఉపోద్ఘాతం

సరుకును దాచే కట్టడానికి తెలుగులో ఎన్నో పేర్లున్నాయి. నేలలో గొయ్యి తవ్వి ధాన్యం దాచేది పాతర. ఇంటి ఆవరణలో నిలిపేది గాదె. పెద్ద పరిమాణంలో నిలవచేసేది గరిసె. కోస్తా జిల్లాల్లో గడ్డితో పేనిన లావాటి తాడును చుట్లుచుట్లుగా పేర్చుకుంటూ లోపల వడ్లు నింపేది పురి. వ్యాపారపు సరుకుకు గిడ్డంగి. ఈ చివరి మాటకు తెలుగు నేల దాటిన చరిత్ర ఉంది. ఇంగ్లీషులో స్థిరపడి, తిరిగి మనకు ‘గోదాము’గా వినిపించే మాట మలయ్ భాష మీదుగా ప్రయాణించిందనీ, దాని మూలం దక్షిణ భారతంలో, తెలుగు ‘గిడ్డంగి’, తమిళ ‘కిడంగు’ మాటల్లో కనిపిస్తోందనీ 1886లో హెన్రీ యూల్, ఎ. సి. బర్నెల్ ప్రచురించిన ‘హాబ్సన్–జాబ్సన్’ నిఘంటువు అభిప్రాయపడింది. సరుకు ‘పడి ఉండే’ చోటు అన్నది ఆ మాటకు అది చూపిన అర్థం.

ఈ పేర్లలో పురిని ప్రత్యేకంగా గమనించాలి. గాదె, గరిసె ధాన్యం రాకముందే సిద్ధంగా ఉండాలి. పురి అలా కాదు. కళ్లంలో వడ్లు పడుతున్న కొద్దీ తాడు చుట్టు పైకి లేస్తుంది. కట్టడమూ నిల్వా ఒకేసారి సాగుతాయి. సరుకు వచ్చే వేగానికి కట్టడం వేగాన్ని జతచేయడం అనే ఆలోచన తెలుగు రైతుకు కొత్తది కాదని దీన్నిబట్టి చెప్పవచ్చు. యంత్రయుగం ఎదుర్కొన్న సమస్య కూడా ఇదే. కాకపోతే అక్కడి సరుకు ఓడల్లో, రైళ్లలో వచ్చింది. ఇటుక గోడ ఆ వేగాన్ని అందుకోలేకపోయింది.

2. రేవులో పుట్టిన రేకు

19వ శతాబ్ది తొలినాళ్ల లండన్ రేవులు ప్రపంచ వాణిజ్యానికి కూడలి. అక్కడి గిడ్డంగులు దళసరి ఇటుక గోడలతో, కొయ్య అంతస్తులతో కట్టినవి. వాటికి దృఢత్వం ఉంది గాని, నిర్మాణానికి ఏళ్లు పట్టేది. ఓడ నుంచి దించిన సరుకును వెంటనే వాననుంచి కాపాడటానికి తేలికపాటి పైకప్పు కావలసివచ్చింది. లండన్ డాక్ కంపెనీ ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో ముడతల లోహపురేకుకు పేటెంటు పొందాడు. ఆ తర్వాత కొద్దికాలానికే ఆ రేవులో టర్పెంటైన్ నిల్వకు అలాంటి రేకుతో షెడ్డు వెలిసింది. అంటే ముడతల రేకు చరిత్ర ఇంటితో మొదలుకాలేదు, గిడ్డంగితో మొదలైంది.

పామర్ చేసిన పని చూడటానికి చిన్నది. చదునైన పలుచని రేకు తన బరువుకే వంగిపోతుంది. అదే రేకుకు వరుసగా ముడతలు పెడితే, మందం పెంచకుండానే బిగువు వస్తుంది. దాన్ని విల్లులా వంచితే కింద బరువైన దూలాలు లేకుండానే పైకప్పుగా నిలుస్తుంది. బరువు తగ్గడం వల్ల మోసుకెళ్లడం, పైకెత్తడం, బిగించడం – మూడూ సులువయ్యాయి. 1837లో ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి పేటెంట్లు రావడంతో తుప్పు సమస్య కూడా కొంత అదుపులోకి వచ్చింది. ఒకచోట తయారుచేసిన కట్టడాన్ని ఓడలో మరోచోటికి పంపే వ్యాపారానికి ఇలా దారి ఏర్పడింది.

ఆ వ్యాపారానికి పెద్ద పరీక్ష కాలిఫోర్నియాలో ఎదురైంది. 1848 జనవరి 24న అక్కడ బంగారం బయటపడింది. మరుసటి ఏడాదికల్లా శాన్‌ఫ్రాన్సిస్కో రేవుకు జనమూ సరుకూ వెల్లువెత్తాయి. కట్టడానికి మనుషులు దొరకరు. దొరికినా వారి మనసంతా బంగారు గనుల మీదే. ఈ పరిస్థితిలో న్యూయార్కు నుంచి, బ్రిటన్ నుంచి ఇనుప ఇళ్లు, ఇనుప గిడ్డంగులు విడిభాగాలుగా ఓడల్లో చేరాయి. స్థానికంగా కొరతగా ఉన్న శ్రమను వేరే దేశపు కార్ఖానా నుంచి దిగుమతి చేసుకోవడమే దీని సారాంశం.

అదే నగరం ఈ కట్టడాల మొదటి వైఫల్యాన్ని కూడా చూసింది. ఇనుము కాలదు కాబట్టి అగ్నిభయం లేదని వర్తకులు నమ్మారు. 1851 మే నెల తొలివారంలో సంభవించిన మహా అగ్నిప్రమాదంలో ఆ నమ్మకం వమ్మయింది. ఇనుప గోడలు ఎర్రగా కాలాయి. వేడికి వ్యాకోచించిన తలుపులు బిగుసుకుపోయాయి. సరుకును కాపాడుకోవాలని లోపలే ఉండిపోయిన కొందరు బయటికి రాలేక చనిపోయారు. త్వరగా నిలిచిన కట్టడం దేన్ని తట్టుకోగలదన్న ప్రశ్న అప్పటినుంచీ వేగం వెన్నంటే ఉంది.

3. క్రిస్టల్ ప్యాలెస్: వేగానికి తొలి లెక్క

శాన్‌ఫ్రాన్సిస్కో కాలిపోయిన ఆ వారానికి కొద్దిరోజుల ముందు, 1851 మే 1న, లండన్‌లోని హైడ్ పార్కులో మహాప్రదర్శన ప్రారంభమైంది. దానికోసం కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ పేరుకు సౌధమే అయినా నిర్మాణరీత్యా అది ఒక బ్రహ్మాండమైన షెడ్డు. దేశదేశాల సరుకును నిర్ణీత తేదీకల్లా ఒకే కప్పు కిందికి చేర్చడం దాని పని. అందువల్ల గిడ్డంగుల చరిత్రలో దానికి స్థానం ఉంది.

ప్రదర్శనశాల నమూనాల కోసం జరిగిన పోటీకి 245 ప్రతిపాదనలు వచ్చినా ఏదీ ఆమోదం పొందలేదు. నిర్మాణసంఘం సొంతంగా తయారుచేసిన నమూనాకు లక్షలాది ఇటుకలు కావాలి. గడువులోగా అది పూర్తికాదన్న విమర్శ బలంగా వినిపించింది. ఉద్యానవనాల్లో గాజు గృహాలు కట్టిన అనుభవం ఉన్న జోసెఫ్ పాక్స్టన్ 1850 జూన్ 11న ఒక రైల్వే సమావేశంలో కూర్చుని అద్దుడు కాగితం మీద తన ఊహను గీశాడు. ఫాక్స్ అండ్ హెండర్సన్ సంస్థ నిర్మాణబాధ్యత తీసుకుంది.

3.1 గడి, భాగం, మర

ఈ కట్టడంలో వేగానికి మూడు ఆధారాలు కనిపిస్తాయి. మొదటిది గడి. 1,848 అడుగుల పొడవు, 408 అడుగుల వెడల్పు ఉన్న ఆ భవనమంతా 24 అడుగుల కొలతకు లోబడింది. స్తంభాల మధ్య దూరం 24 అడుగులు గాని, దాని గుణిజం గాని అయి ఉంటుంది. రెండవది భాగం. పైకప్పుకు వాడిన గాజు పలకలన్నీ దాదాపు 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ఉన్నవే. వాటి సంఖ్య సుమారు 3 లక్షలు. వాటిని ఛాన్స్ బ్రదర్స్ సంస్థ తయారుచేసింది. ఒకే కొలత కావడంతో ఏ పలక ఎక్కడైనా సరిపోతుంది. పనివాడు ఏ భాగం ఎక్కడిదని వెతకనక్కరలేదు. 80 మంది అద్దాల పనివారు ఒక వారంలో 18 వేలకు పైగా పలకలు బిగించినట్లు నమోదైంది. ఈ లెక్కలో చేతి నైపుణ్యంతోపాటు కొలతల ఏకరూపత కూడా కనిపిస్తుంది.

మూడవది మర. అంతవరకు ప్రతి కార్ఖానాకూ సొంత మరచుట్లు ఉండేవి. ఒక కార్ఖానా నట్టు మరో కార్ఖానా బోల్టుకు పట్టేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో అందరికీ ఒకే కొలత మరచుట్లను ప్రతిపాదించాడు. అది బ్రిటిష్ ప్రమాణంగా లాంఛనంగా గుర్తింపు పొందింది మాత్రం 1905లో. అయితే క్రిస్టల్ ప్యాలెస్ అవశేషాల్లోని నట్లు, బోల్టులను కొలిచి చూసిన జాన్ గార్డ్‌నర్, కెన్ కిస్ అవి విట్‌వర్త్ కొలతలకే తయారయ్యాయని 2024లో ప్రకటించారు. వేలాది అతుకులను వేర్వేరు చేతులు వేగంగా బిగించగలగడానికి ఈ చిన్న వస్తువే కీలకమని దీనివల్ల స్పష్టమవుతోంది. గాజు, స్తంభాలు చూపరుల కంటబడ్డాయి. వేగాన్ని మోసినది మాత్రం ఎవరికీ కనబడని బోల్టు.

3.2 ఒకే కట్టడం, మూడు లెక్కలు

నిర్మాణస్థలం గుత్తేదారుల చేతికి వచ్చింది 1850 జులై 30న. తొలి స్తంభం నిలిచింది సెప్టెంబరు 26న. ప్రారంభం మరుసటి ఏడాది మే 1న. తొలి స్తంభం నుంచి లెక్కిస్తే 217 రోజులు. స్థలం చేతికి వచ్చిన నాటినుంచి 275 రోజులు. పాక్స్టన్ గీత నుంచి 324 రోజులు. ఈ మూడూ నిజమే. ‘ఎంత కాలంలో కట్టారు?’ అన్న ప్రశ్నకు ఏ సంఖ్య చెబుతారన్నది చెప్పేవారి అవసరాన్ని బట్టి ఉంటుంది.

స్థలం చేతికి వచ్చాక తొలి స్తంభం నిలిచేవరకు గడిచిన 58 రోజులను వృథాకాలంగా భావించకూడదు. ఆ రోజుల్లో పునాదుల కొలతలు సాగాయి, చిత్రపటాలు తయారయ్యాయి, దూరపు కార్ఖానాల్లో పోతలు జరిగాయి. హైడ్ పార్కులో కనిపించిన వేగం కంటికి కనబడని ఆ పని మీద ఆధారపడింది. ప్రదర్శన ముగిశాక కట్టడాన్ని విప్పి, మార్పులతో సిడెన్‌హామ్‌లో మళ్లీ నిలబెట్టారు. 1854 జూన్‌లో అది తిరిగి తెరుచుకుంది. బోల్టులతో బిగించిన దాన్ని విప్పవచ్చునన్నది వేగంతోపాటు లభించిన రెండో ప్రయోజనం. 1936 నవంబరు 30న ఆ భవనం అగ్నికి ఆహుతైంది.

4. గోడ మోసిన బరువు చట్రానికి

క్రిస్టల్ ప్యాలెస్ తర్వాత మిగిలిన సమస్య ఒకటుంది. ఇటుక గిడ్డంగిలో గోడ రెండు పనులు చేస్తుంది. బరువును మోస్తుంది, గాలితోపునకు కట్టడం ఒరిగిపోకుండా ఆపుతుంది. గోడను తీసివేస్తే రెండో పని ఎవరు చేయాలి? ఇంగ్లండులోని షీర్‌నెస్ నౌకాకేంద్రంలో గాడ్‌ఫ్రే గ్రీన్ రూపకల్పనతో 1858–60 మధ్య నిర్మించిన నాలుగంతస్తుల పడవల గిడ్డంగి దీనికి సమాధానం చూపింది. అందులో స్తంభమూ దూలమూ కలిసే అతుకే కదలకుండా బిగువుగా ఉంటుంది. చట్రం తన కాళ్లమీద తానే నిలబడుతుంది. గోడ కేవలం తెరగా మిగులుతుంది. పైకప్పు గోడకోసం ఆగనక్కరలేని స్థితి ఇలా ఏర్పడింది.

ఈ పద్ధతి త్వరలోనే భారతదేశానికి చేరింది. బొంబాయిలో 1867–69 మధ్య వెలిసిన వాట్సన్ హోటలు ఇనుప చట్రం ఇంగ్లండులో తయారై ఓడలో వచ్చింది. దాని రూపకర్త రోలాండ్ మేసన్ ఆర్డిష్. అది గిడ్డంగి కాకపోయినా, సముద్రం దాటి వచ్చిన విడిభాగాలతో ఈ దేశంలో పెద్ద కట్టడం నిలపవచ్చునని నిరూపించింది. మరోవైపు 1856లో హెన్రీ బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు క్రమంగా చవకైంది. పోత ఇనుము వంపును తట్టుకోలేదు. చేత ఇనుము ఖరీదైనది. ఆ రెండింటి స్థానాన్నీ ఉక్కు ఆక్రమించింది.

5. యుద్ధకాలపు కొలమానం

నిర్మాణకాలాన్ని నెలలనుంచి గంటలకు దించినది యుద్ధం. బ్రిటిష్ సైన్యపు ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసిన పీటర్ నార్మన్ నిస్సెన్ 1916లో అర్ధవలయాకారపు గుడిసెను రూపొందించాడు. ముడతల రేకును విల్లులా వంచి నేలకు ఆనించడంతో అందులో గోడకూ కప్పుకూ భేదం లేకుండా పోయింది. మొత్తం సామగ్రి ఒక సైనికబండిలో పట్టేది. ఆరుగురు మనుషులు నాలుగు గంటల్లో నిలబెట్టగలిగేవారు. పందెం కట్టి 1 గంట 27 నిమిషాల్లో పూర్తిచేసిన సందర్భమూ ఉంది. ఆ యుద్ధకాలంలో కనీసం లక్ష గుడిసెలు తయారయ్యాయి.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నౌకాదళం ఇదే ఆలోచనను మార్చుకుంది. 1941లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని క్వాన్సెట్ పాయింట్ వద్ద మొదలైన తయారీ వల్ల వాటికి క్వాన్సెట్ గుడిసెలన్న పేరు వచ్చింది. నివాసానికి చిన్నవి, సరుకు నిల్వకు 40 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు ఉన్న పెద్దవి తయారయ్యాయి. యుద్ధకాలంలో ఉత్పత్తయిన మొత్తం లక్షన్నరకు తక్కువ కాదు. యుద్ధానంతరం అవి సామాన్య పౌరులకు అమ్ముడై దుకాణాలు, గోదాములు, ఇళ్లు అయ్యాయి.

ఈ గుడిసెల్లో గమనించవలసిన విషయం ఒకటుంది. వాటిని నిలబెట్టిన సైనికులు వడ్రంగులు కారు, తాపీ పనివారు కారు. నేర్పు అవసరమైన పనంతా కార్ఖానాలోనే ముగిసింది. స్థలంలో మిగిలినది కూర్పు మాత్రమే. నిర్మాణవేగం పెరిగిన ప్రతిచోటా నైపుణ్యం స్థలం మారిందే తప్ప మాయం కాలేదు.

6. నేటి ఉక్కు గిడ్డంగిలో కాలం ఆదా అయ్యే తీరు

యుద్ధం తర్వాత అమెరికన్ సంస్థలు నిర్ణీత వెడల్పులకు, ఎత్తులకు, బరువులకు ఇంజనీరింగ్ లెక్కలు ముందే కట్టి పట్టికలుగా ఉంచుకున్నాయి. కొనేవారు పట్టికలోంచి ఎంచుకుంటే చాలు. ‘ప్రీ ఇంజనీర్డ్’ అన్న పేరుకు మూలం అదే. కంప్యూటర్లు వచ్చాక ప్రతి కట్టడానికీ విడిగా లెక్క కట్టడం సులువైంది. పేరు మాత్రం మిగిలింది. భారతదేశంలో ఈ పద్ధతి 1990ల తర్వాత విస్తరించింది. 2017 జులై 1న జీఎస్టీ అమలులోకి రావడంతో పన్ను కారణంగా రాష్ట్రానికొక చిన్న గోదాము ఉంచుకునే అవసరం తగ్గింది. పెద్ద గిడ్డంగులకు గిరాకీ పెరిగింది. హైదరాబాదు చుట్టూ మేడ్చల్, శంషాబాద్ ప్రాంతాల్లో వెలిసిన విశాలమైన షెడ్లు ఈ పరిణామానికి కంటి ముందున్న సాక్ష్యాలు.

సంప్రదాయ గోదాములో పనులు ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. పునాది ముగిశాక గోడ, గోడ లేచాక దూలం, దూలానికి సెంట్రింగ్, కాంక్రీటు పోశాక రోజుల తరబడి నీళ్లతో తడపడం, ఆ తర్వాత సెంట్రింగ్ విప్పడం. కాంక్రీటు బలాన్ని 28 రోజుల వయసు దగ్గర కొలవడం ఆనవాయితీ. ఒక్క వాన కురిస్తే మొత్తం వరుస ఆగుతుంది.

ఉక్కు గిడ్డంగిలో ఈ వరుస రెండుచోట్ల తెగిపోతుంది. మొదటిది: నేలమీద పునాది తవ్వి కాంక్రీటు పోస్తున్న రోజుల్లోనే ఫ్యాక్టరీలో ఉక్కు పలకలను కోసి, అతికి, రంధ్రాలు వేసి, రంగు పూస్తారు. కాంక్రీటు గట్టిపడే నిరీక్షణ కాలం ఫ్యాక్టరీకి పనికాలం అవుతుంది. రెండవది: చట్రం నిలిచాక పైకప్పు రేకు ముందుగా పడుతుంది. గోడలు, నేల ఆ కప్పు నీడలో తర్వాత పూర్తవుతాయి. వాన ఇక పనిని ఆపలేదు. స్తంభం, వాసం కలిసేచోట వెడల్పుగా, బలం తక్కువ అవసరమైన చోట సన్నగా ఉండేలా భాగాలను మలచడం వల్ల ఉక్కు బరువు తగ్గుతుంది. తేలికైన భాగాన్ని క్రేను త్వరగా ఎత్తుతుంది. తొలి గడిలోని స్తంభాలను నిటారుగా నిలిపి, అడ్డకమ్ములతో బిగించాక, మిగిలిన గడులు దాన్ని ఆధారం చేసుకుని వరుసగా సాగుతాయి. ఇది 1850లో హైడ్ పార్కులో కనిపించిన క్రమానికి దగ్గరి చుట్టమే.

ఇక్కడ కూడా కాలాన్ని ఏ రోజునుంచి లెక్కించాలన్న ప్రశ్న ఉంది. బెంగళూరులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో 2022లో ఏడంతస్తుల భవనాన్ని 45 రోజుల్లో పూర్తిచేసింది. ముందే తయారుచేసిన భాగాలను, సంప్రదాయ పద్ధతిని కలిపి కట్టిన ఆ భవనం నిస్సందేహంగా విశేషమైనదే. అయితే దాని శంకుస్థాపన 2021 నవంబరు 22న జరిగింది. 45 రోజుల లెక్క మొదలైంది 2022 ఫిబ్రవరి 1న. ఆ రెండు తేదీల మధ్య 71 రోజులున్నాయి. ఇందులో దాపరికమేమీ లేదు. వేగవంతమైన ప్రతి నిర్మాణానికీ ముందు ఒక సన్నాహకాలం ఉంటుందన్న సాధారణ సత్యమే ఇక్కడా వర్తించింది.

7. వేగానికి హద్దులు

ముందే సిద్ధం చేసిన కట్టడానికి మొదటి హద్దు దాని కచ్చితత్వమే. ఇటుక పనిలో అంగుళం తేడా వస్తే మేస్త్రీ అక్కడికక్కడే సర్దగలడు. పునాదిలో నాటిన బోల్టు అంగుళం పక్కకు జరిగితే ఫ్యాక్టరీలో రంధ్రం వేసి వచ్చిన స్తంభం అందులో కూర్చోదు. సరిచేయడానికి పోయే రోజులు ఆదా అయిన రోజులను మింగేస్తాయి. కాబట్టి ఈ పద్ధతిలో తొందర పనికిరాని ఘట్టం పునాదే.

రెండవ హద్దు గాలి. భారత ప్రమాణాల పట్టిక గాలి మూలవేగాన్ని హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లుగా, విశాఖపట్నానికి 50 మీటర్లుగా నిర్దేశించింది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కాని గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక తీరంలో అది సుమారు 29 శాతం ఎక్కువ. బరువైన కప్పును గాలి ఎత్తలేదు. తేలికైన రేకు కప్పును కిందినుంచి పైకి పీకే ప్రయత్నం చేస్తుంది. హైదరాబాదు కోసం గీసిన నమూనాను యథాతథంగా తీరానికి తీసుకుపోతే మిగిలేది కాలం కాదు, ప్రమాదం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు విమానాశ్రయ భవనం కూడా తీవ్రంగా దెబ్బతినడం తీరంలో కట్టేవారందరికీ హెచ్చరిక.

మూడవది అగ్ని. రక్షణ పూత లేని ఉక్కు దాదాపు 550 డిగ్రీల సెల్సియస్ వద్ద తన బలంలో సుమారు సగం కోల్పోతుంది. ఇనుము కాలదన్న శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుల భ్రమకు నేటికీ సమాధానం ఇదే. నాలుగవది వేడి. ఎండకు కాగి రాత్రి చల్లబడే రేకు లోపలివైపు తేమను చేరుస్తుంది. యంత్రభాగాలకు పెద్దగా హాని చేయని ఆ తేమ వడ్లకు, మిరపకు చేటు. ధాన్యగిడ్డంగికి ఉష్ణనిరోధక పొర, గాలి ఆడే మార్గాలు తప్పనిసరి. వీటిని తగ్గించి సాధించిన వేగం నిల్వ ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది.

8. పంట తేదీ, గిడ్డంగి తేదీ

స్వాతంత్ర్యానంతరం గిడ్డంగుల నిర్మాణాన్ని ప్రభుత్వం తన బాధ్యతగా స్వీకరించింది. 1954లో వెలువడిన అఖిలభారత గ్రామీణ పరపతి సర్వే సంఘం సిఫార్సుల ఫలితంగా 1956లో చట్టం వచ్చింది. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడ్డాయి. 1965లో భారత ఆహార సంస్థ పని ప్రారంభించింది. అయినా ధాన్యసేకరణ పెరిగిన వేగాన్ని గోదాముల నిర్మాణం అందుకోలేని సందర్భాలు పదేపదే వచ్చాయి. అప్పుడు ఆశ్రయించిన పద్ధతి ‘క్యాప్’ నిల్వ. ఎత్తయిన అరుగు మీద బస్తాలు పేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి, తాళ్లతో బిగించడం. ఇది తాత్కాలిక ఏర్పాటుగా ఉద్దేశించినది. ఏళ్ల తరబడి కొనసాగిన చోట అది శాశ్వత నష్టానికి కారణమైంది. ఒకవైపు నిల్వల్లో ధాన్యం పాడవుతుండగా మరోవైపు ఆకలి కొనసాగడం 2001లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఆహారహక్కు వ్యాజ్యానికి నేపథ్యమైంది.

తెలుగు రాష్ట్రాల్లో యాసంగి వరి కోతలు ఏప్రిల్, మే నెలల్లో సాగుతాయి. అకాల వర్షాలు కురిసేదీ అప్పుడే. కొనుగోలు కేంద్రాల ముంగిట, రోడ్ల పక్కన ఆరబోసిన వడ్లు ఒక్క రాత్రి వానకు తడిసి మొలకెత్తడం, తేమశాతం పేరుతో రైతు ధర కోల్పోవడం ఏటా వార్తల్లో కనిపించే విషయాలు. క్రిస్టల్ ప్యాలెస్‌కు మే 1 ఎలా కదపరాని తేదీయో, రైతుకు కోత తేదీ అలాంటిది.

ఉక్కు గిడ్డంగి ఇక్కడ ఎంతవరకు పనికివస్తుంది? స్థలంలో జరిగే నిర్మాణాన్ని అది నెలల మేరకు కుదిస్తుంది. స్థల నిర్ణయం, నిధుల మంజూరు, టెండరు, నేలపరీక్ష, అనుమతులు – వీటిలో ఒక్కరోజును కూడా తగ్గించే శక్తి ఉక్కుకు లేదు. పంట కళ్లానికి చేరాక మొదలయ్యే నిర్ణయాన్ని ఎంత వేగవంతమైన నిర్మాణపద్ధతీ ఆదుకోలేదు. పాక్స్టన్ 1851 మార్చిలో కాగితం మీద గీత గీసి ఉంటే క్రిస్టల్ ప్యాలెస్ లేదు. కాబట్టి నిర్మాణవేగాన్ని తొలి స్తంభం నుంచి కాక, అవసరాన్ని గుర్తించిన రోజునుంచి లెక్కించడం పాలనాపరంగా న్యాయమైన కొలమానం. రైతు లెక్క కూడా ఆ రోజునుంచే మొదలవుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ముందే సిద్ధం చేసిన లోహకట్టడాల చరిత్ర గిడ్డంగితోనే మొదలైంది. సరుకు వచ్చే వేగమే ప్రతి దశలోనూ కట్టడపు వేగాన్ని నిర్దేశించింది.

2. ఈ వేగం లోహం వల్ల మాత్రమే వచ్చినది కాదు. ఏకరూపమైన కొలతలు, ఎక్కడైనా పట్టే మరచుట్లు, గోడ అవసరం లేని చట్రం, ఒకేసారి రెండుచోట్ల సాగే పని – ఈ నాలుగింటి కలయిక దానికి కారణం.

3. స్థలంలో ఆదా అయిన కాలంలో కొంత భాగం చిత్రపటాల బల్ల దగ్గర, ఫ్యాక్టరీలో ముందుగానే ఖర్చయి ఉంటుంది. లెక్క ఎక్కడ మొదలైందో చెప్పకుండా రోజుల సంఖ్య మాత్రమే చెప్పడం అసంపూర్ణ సమాచారం.

4. గాలి, అగ్ని, వేడి, పునాది కచ్చితత్వం వేగానికి సహజమైన హద్దులు. వాటిని విస్మరించిన చోట నష్టం జరిగినట్లు చరిత్ర చెబుతోంది.

5. తెలుగు ప్రాంతాల ధాన్యనిల్వకు ఉక్కు గిడ్డంగి ఉపయోగకరమైన సాధనం. అయితే దాని ప్రయోజనం నిర్ణయం తీసుకునే కాలం మీద ఆధారపడి ఉంటుంది.

వడ్లు పడుతున్న కొద్దీ తాడు చుట్టిన రైతుకు గడ్డి ముందే కోసి, తాడు ముందే పేని ఉండేది. కళ్లంలో కనిపించిన వేగం వెనుక ఆ సన్నాహం ఉంది. ఉక్కు గిడ్డంగి విషయంలోనూ జరగవలసినది అదే.